జీతము – లాభపు వాటా – పరిహారము

మన బెల్లంపల్లి, గోదావరిఖని ప్రాంతములలో బొగ్గుగని పనివారి యిండ్లకు ధనము మూడు విధముల వచ్చును. పనికి జీతము, సింగరేణి సంస్థకు లాభము వచ్చిన యేట అందులో వాటా, గాయమునకుగాని మరణమునకుగాని నష్టపరిహారము. మొదటి రెండును శ్రమకు ఫలములు. మూడవది కోల్పోయిన శ్రమశక్తికి బదులు. కావున అది దానము కాదు, హక్కు.

1923లో బ్రిటిషు ఇండియాయందు పుట్టి, పిమ్మట మన ప్రాంతమునకును వర్తించిన కార్మిక పరిహారపు చట్టము, మృతుని కుటుంబమునకు రావలసిన సొమ్మును యజమాని కమీషనరు వద్దనే జమచేయవలెనని విధించెను. దుఃఖమునందున్న యిల్లాలు కొద్దిపాటి సొమ్మునకు వ్రేలిముద్ర వేసి మోసపోకుండుటకు ఈ యేర్పాటు మిక్కిలి యుపకరించెను. 1984లో చట్టమును సవరించి, వయస్సును బట్టియు లెక్క కట్టిరి. పడుచువానికి పనిచేయు నేండ్లు ఎక్కువ మిగిలియుండును గనుక పరిహారమును ఎక్కువే.

విద్యార్థులారా! మీ పెద్దలు ఏ కాగితముపైనైనను వ్రేలిముద్ర వేయుటకు ముందు దానిని చదివి వినిపింపుడు. మనము నేర్చిన చదువునకు అదియే మొదటి ప్రయోజనము.