వంటయింటి పాత సామగ్రి

వాడరేవున మా వంటయింట పాలు పెరుగులను పిల్లినుండి కాచు పాత టేకు అలమార యొకటి కలదు. ఉప్పుగాలికి తలుపుల ఇనుపవల తుప్పుపట్టి చిల్లులు పడగా, అమ్మివేయ నిశ్చయించితిమి. వడ్రంగి ఉలితో గీచి చూపెను, కఱ్ఱ చెక్కుచెదరలేదు. గాలిలోని ఉప్పు తేమను పట్టియుంచును, ఆ తేమ యినుమును తినును. టేకులోని సహజమగు నూనె చెదలను దరిజేరనీయదు. కావున వలను మాత్రమే మార్చితిమి.

ఇత్తడి గిన్నెలకు కళాయి చాలును. కళాయి పోయినదానిలో పులుసు కాచరాదు. చింతపండు పులుపునకు రాగి దిగును.

పంపు స్టవ్వు సంగతి వేరు. 1892లో స్వీడను దేశమున పుట్టి, మసిలేని మంటనిచ్చి, గృహిణులను పొగ బాధనుండి తప్పించినది. అయినను అరిగిన వాషరుతో, ఒత్తిడిలోనున్న కిరసనాయిలు ప్రాణాపాయము. మా పిన్నమ్మగారి చేతిపై కాలిన మచ్చ నేటికిని కలదు. నూనె వంపివేసి, తోమి, దానిని అలమారపై నుంచితిమి, వంట గ్యాసుపైననే.