కంటికి కనిపించని గాయం
ప్రమాదానంతరం కార్మికుని మానసిక రక్షణ, తిరిగి విధులలో ప్రవేశం

మన తెలుగు ఇళ్ళలో పిల్లవాడు దేనినో చూచి భయపడి మంచం పడితే పెద్దలు దానిని ‘దడుపు జ్వరం’ అంటారు. ఉర్దూలో ‘సద్మా’ అనే మాటకు దెబ్బ అనీ, మనసును కుదిపివేసే దుఃఖమనీ రెండర్థాలు కలవు. గ్రీకు భాషలో ‘ట్రామా’ అనగా గాయం. చర్మం చిట్లకుండానే మనిషి గాయపడగలడనే సత్యాన్ని భాషలు ఈ విధంగా ఏనాడో గుర్తించినవి. కాని కర్మాగారాలు, గనులు, రైల్వేలు, ఆసుపత్రులు నడిపే వ్యవస్థలు ఆ సత్యాన్ని అంగీకరించుటకు చాలా కాలం పట్టినది. పనిచేయు చోట ఘోరమైన సంఘటనకు లోనైనవానిని ఏ విధంగా ఆదుకొనవలెను? అతడు ఎప్పుడు, ఎవరి నిర్ణయంతో తిరిగి పనిలో చేరవలెను? ఈ రెండు ప్రశ్నలను పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఉదాహరణ

కాజీపేట, విజయవాడ, గుంతకల్లు వంటి జంక్షన్ల చుట్టూ పెరిగిన విద్యార్థులకు రైలు డ్రైవర్ల జీవితం తెలియనిది కాదు. నేడు లోకో పైలట్ అని పిలువబడుతున్న అట్టి ఉద్యోగిని ఒకనిని ఊహించుకొందాం. ఎక్స్‌ప్రెస్ బండి గంటకు నూరు కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతున్నది. ఒక మనిషి పట్టాల మీదికి వచ్చి నిలబడినాడు. డ్రైవరు హారన్ మ్రోగించినాడు, అత్యవసర బ్రేకు వేసినాడు. అయినను అంతటి బరువైన బండి పూర్తిగా ఆగుటకు దాదాపు ఒక కిలోమీటరు దూరం కావలెను. ఇక అతడు చేయగలిగినది ఏదియు లేదు, చూచుచుండుట తప్ప.

ఇందులో డ్రైవరు దోషం లేదు. అతని ఒంటి మీద గీత కూడా పడలేదు. కావున రికార్డులలో అతడు క్షతగాత్రుడు కాడు. కాని ఆ రాత్రి రన్నింగ్ రూములో అతనికి నిద్ర రాదు. కన్ను మూసిన వెంటనే ఆ ముఖం కనిపిస్తుంది. వారాలు గడచినను అదే మలుపు సమీపించినప్పుడు గుండె వేగంగా కొట్టుకొంటుంది. దూరాన ఒక చెట్టు నీడ పడినను మనిషియేమోనని చేయి బ్రేకు మీదికి పోతుంది. అతని వెనుక పెట్టెలలో వేయిమందికి పైగా ప్రయాణికులు నిశ్చింతగా నిద్రిస్తున్నారు. అందుచేత ఆ డ్రైవరు మనఃస్థితి అతని సొంత విషయం మాత్రమే కాదు, అది ప్రజల భద్రతకు సంబంధించిన విషయం.

డ్రైవరు ఇచ్చట ఒక ఉదాహరణ మాత్రమే. గనిలో పైకప్పు కూలగా చూచిన కార్మికుడు, మంటలార్పు సిబ్బంది, దోపిడీకి గురియైన బ్యాంకు గుమాస్తా, ఆసుపత్రిలో దాడికి లోనైన నర్సు, అందరిదీ ఇదే సమస్య. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి తొమ్మిదిమంది మరణించారు. అటువంటి దుర్ఘటన తరువాత యంత్రాలను బాగుచేయవచ్చును. కాని వాటిని నడపుటకు మరల అదే సొరంగంలోనికి దిగవలసినవారు మనుష్యులు.

చరిత్ర చెప్పు పాఠం

ఈ విషయంపై ఆధునిక వైద్యచర్చ రైల్వేలతోనే ఆరంభమైనదని చెప్పవచ్చును. 1865 జూన్ 9న ఇంగ్లండులోని స్టేపుల్‌హర్స్ట్ వద్ద రైలు పట్టాలు తప్పి పదిమంది మరణించారు. ఆ బండిలో ప్రయాణిస్తున్న నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు పెద్ద గాయం కాలేదు. పైగా అతడు క్షతగాత్రులకు స్వయంగా సేవ చేసినాడు. కాని అటుపిమ్మట రైలు ప్రయాణమనిన అతడు వణికిపోయేవాడు. మరుసటి సంవత్సరమే జాన్ ఎరిక్ ఎరిక్సన్ అను శస్త్రవైద్యుడు ఇటువంటి బాధలు వెన్నుపాము అదురుట వలన కలుగుచున్నవని వాదించగా, వాటికి ‘రైల్వే స్పైన్’ అను పేరు వ్యాపించినది. 1883లో హెర్బర్ట్ పేజ్ అను మరొక వైద్యుడు అసలు కారణం వెన్ను కాదనీ, భయమే ఇంతటి మార్పును కలిగింపగలదనీ చెప్పినాడు. అభిప్రాయం విలువైనదే. కాని పేజ్ ఒక రైల్వే కంపెనీకి వైద్యుడు. నష్టపరిహారపు దావాలు నడుస్తున్న ఆ రోజులలో, గాయం ఒంటిలో లేదనుట కంపెనీకి మేలు చేసే మాట కూడా.

మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే ప్రశ్న మరల తలెత్తినది. 1915లో చార్లెస్ మయర్స్ ‘షెల్ షాక్’ అను పేరును వైద్యపత్రికలోనికి తెచ్చినాడు. యుద్ధరంగానికి చేరువలోనే, ఆలస్యం చేయక, కోలుకొందువనే నమ్మకాన్ని కలిగిస్తూ చికిత్స చేయు పద్ధతి అప్పుడు రూపొందినది. ఈ మూడు సూత్రాలలో మంచి ఉన్నది. అయితే ఆ వైద్యుని ముందున్న లక్ష్యం సైనికుని తిరిగి కందకంలోనికి పంపుట. రోగి మేలు, యజమాని అవసరం ఒకే వైద్యుని చేతిలో కలిసిపోయినప్పుడు ఏది ముందు నిలుచును? ఈ ప్రశ్న నేటికీ పాతబడలేదు.

1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల వర్గీకరణలో ‘ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత’ను చేర్చినది. 2010లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తిజన్య వ్యాధుల పట్టికలో దీనికి స్థానమిచ్చినది.

లక్షణములు

వైద్యులు ఈ రుగ్మత లక్షణాలను నాలుగు తెగలుగా విభజించారు. మొదటిది: పిలువకనే వచ్చు జ్ఞాపకాలు, పీడకలలు. రెండవది: ఆ స్థలాన్ని, ఆ ప్రస్తావనను తప్పించుకొని తిరుగుట. మూడవది: తననే నిందించుకొనుట, ఆత్మీయులపై సైతం మనసు మొద్దుబారుట. నాల్గవది: నిద్రలేమి, చిరాకు, చిన్న శబ్దానికే ఉలికిపాటు. మొదటి రోజులలో ఇవి కనిపించుట రోగం కాదు, మనసు సహజంగా స్పందించు తీరు. అధిక సంఖ్యాకులు కాలక్రమాన తమంతట తామే కోలుకొంటారు. ఒక నెల దాటినను తగ్గక, నిత్యజీవితానికి అడ్డు తగిలినప్పుడే దానిని రుగ్మతగా పరిగణిస్తారు.

తొలి సహాయం

సంఘటన జరిగిన వెంటనే ఆ వ్యక్తిని విధుల నుండి తప్పించవలెను. ఒంటరిగా వదలక, తెలిసినవారు ఒకరు ఇంటివరకు తోడు పోవలెను. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని సారాంశం మూడు మాటలలో ఇమిడి ఉన్నది: చూడుము, వినుము, జతపరచుము. అనగా అతని తక్షణావసరాలు గమనించుట, చెప్పదలచినంత వరకే వినుట, కుటుంబంతోను, సహాయం చేయగలవారితోను కలుపుట.

‘చెప్పదలచినంత వరకే’ అనుటకు కారణం ఉన్నది. ప్రమాదం జరిగిన కొద్దిరోజులలో అందరినీ కూర్చుండబెట్టి జరిగినదంతా వివరంగా చెప్పించు పద్ధతిని 1983లో జెఫ్రీ మిచెల్ ప్రచారంలోనికి తెచ్చినాడు. అది అనేక దేశాలలో వ్యాపించినది. కాని 2002లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, ఒకేసారి జరిపే అట్టి వ్యక్తిగత సమావేశం వలన రుగ్మత నివారణ కాలేదనీ, నిర్బంధంగా జరుపుట మానవలెననీ తేల్చినది. మానని గాయాన్ని అదేపనిగా కెలుకుట చికిత్స కాదు. నిద్రమాత్రలతో సరిపెట్టుట కూడా తగదు. తొలి నెలలో ఈ ఒత్తిడి తగ్గించుటకై బెంజోడయజెపైన్ తరగతి మందులు ఇవ్వరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించినది. నెల దాటినను బాధ నిలిచినవారికి, ఆఘాత స్మృతులను క్రమంగా ఎదుర్కొనుట నేర్పు మానసిక చికిత్సలు ఉన్నవి, అవి ఫలితమిచ్చుచున్నవి.

తిరిగి విధులలోనికి

ఇక్కడ రెండు పొరపాట్లకు అవకాశం కలదు. ఒకటి, గాయం కనిపించడం లేదు కనుక మరునాడే పనిలోనికి పంపుట. రెండవది, జాలితోనో భయంతోనో నెలల తరబడి ఇంట కూర్చుండబెట్టుట. తప్పించుకొన్నకొద్దీ ఆ చోటు మరింత భయంకరమగును. పని లేని మనిషికి జీతంతో పాటు తోటివారి సాంగత్యం, ఆత్మగౌరవం కూడా దూరమగును. కావున మెట్టుమెట్టుగా పునఃప్రవేశం కల్పించుట ఉత్తమం. డ్రైవరు విషయంలో మొదట మరొకరు నడుపు బండిలో తోడుగా ప్రయాణం, పిదప అనుభవజ్ఞుడు ప్రక్కన ఉండగా తాను నడుపుట, ఆ పిమ్మట పగటి విధులు, చివరకు రాత్రి విధులు. ప్రతి మెట్టు వద్ద ఆగుటకు, అవసరమైన ఒక మెట్టు దిగుటకు అతనికి స్వేచ్ఛ ఉండవలెను.

యోగ్యతను పరీక్షించువారు అడుగవలసినది ‘ధైర్యంగా ఉన్నావా?’ అని కాదు. నిద్ర సరిపోవుచున్నదా, దృష్టి నిలుచుచున్నదా, విధి మధ్యలో ఆ దృశ్యం ముందుకు వచ్చి చేతులు ఆగిపోవుచున్నవా, మత్తు కలిగించు మందులో మద్యమో అలవాటైనదా, అదే స్థలాన్ని దాటగలుగుచున్నాడా అనునవి పరిశీలించవలెను. రైలు డ్రైవరుగా చేరువారికి కంటిచూపు విషయంలో ఏ-1 అను అత్యంత కఠినమైన వైద్యవర్గం నిర్ణయించబడినది. చూపుకు ఉన్నంత జాగ్రత్త మనసుకూ ఉండుట న్యాయం.

అన్నింటికన్న ముఖ్యమైనది ఒకటి ఉన్నది. ఓదార్చువాడు, యోగ్యతాపత్రం ఇచ్చువాడు ఒక్కడే కారాదు. తన మాటలు రేపు తన ఉద్యోగానికే ముప్పు తెచ్చునని తెలిసిన కార్మికుడు ‘నాకేమీ లేదు, బాగానే ఉన్నాను’ అనును. రన్నింగ్ సిబ్బంది రాబడిలో నడిపిన దూరాన్ని బట్టి లభించు కిలోమీటరేజీ భత్యం గణనీయమైన భాగం. బండి ఎక్కని రోజులలో అది పోవునను భయం ఉన్నవాడు నిద్రలేమిని దాచుకొనును. దాచిన గాయంతో అతడు ఇంజనులో కూర్చుండును. కనుక సలహాదారు విన్నది రహస్యంగా ఉండవలెను. పరీక్షించు వైద్యుడు ‘యోగ్యుడు, షరతులతో యోగ్యుడు, ఇంకను కాదు’ అని మాత్రమే యాజమాన్యానికి తెలుపవలెను; రోగవివరాలు కాదు. ప్రమాద విచారణ జరుపు అధికారి ఈ ఇరువురికీ వేరుగా ఉండవలెను. కోలుకొను కాలంలో రాబడి తగ్గరాదు. ఈ ఏర్పాట్లు లేనిచోట ఎంత మంచి పరీక్షయైనను అబద్ధాలనే రాబట్టును.

చట్టం

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మొదటి షెడ్యూలులో బొటనవ్రేలు పోయిన 30 శాతం, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోయిన 40 శాతం అని సంపాదనాశక్తి నష్టాన్ని లెక్క కట్టినారు. భయంతో పనికి దూరమైన మనసుకు ఆ పట్టికలో గడి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధిని శారీరక వ్యాధితో సమానంగా చూడవలెననీ, రోగి వివరాలు గోప్యంగా ఉంచవలెననీ ఆదేశించినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో ఉచితంగా సలహా పొందవచ్చును. ఇవి మంచి ఆరంభాలు. వీటిని పని స్థలంలోనికి తెచ్చు బాధ్యత మనుష్యులది.

విద్యార్థి మిత్రులలో కొందరు రేపు ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు, కార్మిక నాయకులు కాగలరు. ఒకనాడు మీ బల్ల ముందు ఒంటి మీద గాయం లేని కార్మికుడు నిలబడి, తిరిగి పనిలో చేరుటకు సంతకం కోరవచ్చును. సంతకం చేయుటకు ముందు అతనిని కూర్చుండమని చెప్పి, రాత్రి నిద్ర పట్టినదా అని అడుగండి. అతడు నిజం చెప్పినందుకు నష్టపోడని ముందుగా నమ్మకం కలిగించి అడుగండి.