ఇంట్లోవారికి గౌరవం దక్కిన రోజు



జనవరి 26న గాని, ఆగస్టు 15న గాని జిల్లా కేంద్రంలోని పెరేడ్ మైదానానికి వెళ్ళినవారికి ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. జెండా వందనం, కవాతు, బడిపిల్లల నృత్యాలు అయిన తరువాత, ఉత్తమ సేవలు చేసిన ఉద్యోగుల పేర్లు మైకులో ఒక్కొక్కటిగా చదువుతారు. స్టాఫ్ నర్సు, లైన్‌మన్, అటెండరు, హెడ్ కానిస్టేబులు, గుమాస్తా వరుసగా వెళ్ళి ప్రశంసాపత్రం అందుకుని, ఒక ఫోటో దిగి, వెనక్కి వస్తారు. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా పట్టదు. కాని ఆ అర నిమిషం వెనుక ఎన్నో ఏళ్ళ రాత్రి డ్యూటీలు, అందుకోలేకపోయిన పండుగ పూజలు, చల్లారిన అన్నం ఉంటాయి.

సెప్టెంబరు 5న ఉపాధ్యాయులకు, మే 12న నర్సులకు ఇటువంటి సత్కారాలే జరుగుతాయి. నర్సుల కోసం కేంద్ర ప్రభుత్వం 1973లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట జాతీయ పురస్కారాన్నే నెలకొల్పింది. ప్రైవేటు కంపెనీలలోనూ, ఫ్యాక్టరీలలోనూ మెమెంటోలు, శాలువాలు మామూలే. మరి మన ఇంట్లో ఒకరికి అటువంటి గౌరవం దక్కినప్పుడు క్రైస్తవ కుటుంబంగా మనం ఎలా ప్రవర్తించాలి? ఇదేమంత పెద్ద విషయం అనుకోకండి. నేను ఈ పాఠంలో ఒకసారి తప్పినవాడిని గనుక చెబుతున్నాను.

పెట్టె అడుగున దొరికిన కాగితం

నా భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఒక సంవత్సరం జనవరి 26న ఆమెకు ప్రశంసాపత్రం వచ్చింది. ముందురోజు సాయంత్రం ఎంతో సంతోషంగా చెప్పి, "మీరు కూడా వస్తారా?" అని అడిగింది. నేను పేపరులోంచి తల ఎత్తకుండా, "మీ డిపార్టుమెంటులో వంతులవారీగా అందరికీ ఇస్తారుగా! దీనికి గర్వపడకూడదు" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. మరునాడు ఒక్కతే బస్సెక్కి వెళ్ళి వచ్చింది, వంట చేసింది, రాత్రి జపమాల చెప్పించింది.

ఆమె రిటైరయిన తరువాత ఏదో అవసరమై పిల్లల జ్ఞానస్నాన పత్రాల కోసం పెట్టె వెతికాను. వాటి మధ్యలో, మడత పడకుండా అట్ట పెట్టి, ఆ ప్రశంసాపత్రం ఉంది. ఇంట్లో దానికి గోడ మీద చోటు దొరకలేదు గనుక, ఆమె తనకు అన్నిటికంటె విలువైన కాగితాల మధ్య దానికి చోటిచ్చుకుంది. ఆ సాయంత్రం నేను క్షమాపణ అడిగాను. "ఎప్పటి మాటో!" అని నవ్వింది. కాని కళ్ళు తుడుచుకుంది.

వినయం ముసుగులో అసూయ

ఆనాడు నేను చెప్పినది వినయాన్ని గురించిన నీతి. చెప్పించినది మాత్రం అసూయ. నా ఉద్యోగంలో నన్నెవరూ మైకులో పిలవలేదు. ఆ లోటును నేను నీతిబోధతో కప్పుకున్నాను.

లూకా సువిశేషం పదవ అధ్యాయం తెరవండి. ప్రభువు పంపిన శిష్యులు తమ పని సఫలమైందని సంతోషంతో తిరిగి వస్తారు. ప్రభువు వారి సంతోషాన్ని తుంచివేయలేదు. వారు చెప్పింది విన్నాడు, తానూ చూచానన్నాడు, ఆ తరువాతనే అంతకంటె నిలకడైన సంతోషాన్ని చూపించాడు: వారి పేర్లు పరలోకంలో వ్రాయబడి ఉన్నాయి. ఆ వెంటనే ఆయనే ఆత్మయందు ఆనందించాడని లూకా వ్రాశాడు. ఆ వరుసను గమనించండి. ముందు ఆనందంలో పాలు పంచుకోవడం, ఆ తరువాత దాన్ని దేవుని వైపు మళ్ళించడం. మనలో చాలామందిమి మొదటి మెట్టు ఎక్కకుండానే రెండవ మెట్టు మీద నిలబడి ఉపదేశిస్తాము.

తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకుమారుడు చేసినది కూడా అదే. అతడు చెప్పిన లెక్కలన్నీ నిజమే కావచ్చు. కాని విందు లోపల జరుగుతుంటే అతడు గుమ్మం బయట నిలబడిపోయాడు. సంతోషించేవారితో సంతోషించమని పునీత పౌలు రోమీయులకు వ్రాశాడు (రోమీ 12:15). ఏడ్చేవారితో ఏడ్వడం కొంత సులువే. చావు ఇంటికి ఊరంతా వెళ్తుంది. పక్కవాడి సంతోషంలో మనసారా నవ్వడానికే ఎక్కువ ప్రేమ కావాలి.

పని దేవుని వరం

నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుడు బెసలేలు అనే పనివానిని పేరుతో ఎన్నుకుని, తన ఆత్మతో నింపాడు. ఎందుకు? బంగారం, వెండి, కంచు, కొయ్యలతో గుడారపు పనిచేయడానికి. చేతిపనిలోని నేర్పు కూడా ఆత్మ వరమేనని పరిశుద్ధ గ్రంథం మనకు నేర్పుతున్నది. సీరాపుత్రుని జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం దుక్కి దున్నేవానిని, కమ్మరిని, కుమ్మరిని వర్ణించి, సభలలో వారికి పెద్దపీట దొరకకపోయినా లోకపు నడక నిలిచేది వారి వల్లనే అంటుంది.

శ్రీసభ కూడా ఈ మాటనే కాలానుగుణంగా చెబుతూ వచ్చింది. 1891లో పదమూడవ లియో పోపుగారు శ్రామికుల హక్కులపై లేఖ వ్రాశారు. 1955లో పన్నెండవ పయస్ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా స్థాపించారు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు మానవ శ్రమపై వ్రాసిన లేఖలో, పనికి విలువ దానిని చేసే మనిషి వల్ల వస్తుందని వివరించారు. కాబట్టి ఇంట్లో ఒకరి పనికి గౌరవం దక్కినప్పుడు మనం ముందుగా కాగితాన్ని కాదు, మనిషిని చూడాలి.

గౌరవం దక్కనివారి మాట

ఈ పేజీ చదువుతున్నవారిలో జీవితమంతా నిజాయితీగా పనిచేసి ఒక్క శాలువా కూడా కప్పించుకోనివారు ఎందరో ఉన్నారు. కూలిపనికి వెళ్ళేవారికి, ఇంటి చాకిరీ చేసే తల్లులకు ఏ మైదానంలోనూ పేరు పిలవరు. వారు జోజప్పగారిని తలచుకోవాలి. సువిశేషాలలో ఆయన పలికిన ఒక్క మాట కూడా లేదు. 2020లో ఫ్రాన్సిస్ పోపుగారు జోజప్పగారిపై వ్రాసిన లేఖలో ఆయనను పనిచేసే తండ్రిగా, నీడలో నిలిచిన తండ్రిగా మన ముందుంచారు.

మన గుంటూరుకు 1920లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన సిస్టర్ మేరీ గ్లౌరీ గారిని కూడా గుర్తుచేసుకుందాం. డాక్టరయిన ఆ మఠకన్య దశాబ్దాల పాటు ఇక్కడి పేద స్త్రీలకు, పసిబిడ్డలకు వైద్యం చేశారు. 1943లో భారత కాథలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. 1957లో బెంగుళూరులో మరణించారు. శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించినది 2013లో. లోకం ఆలస్యంగా గుర్తించినా దేవుడు మొదటినుండే చూస్తున్నాడు.

ఇంట్లో ఏం చేద్దాం?

మొదటిది: వీలైతే కుటుంబమంతా ఆ సభకు వెళ్ళండి. ఒక పూట కూలి పోయినా సరే, పిల్లలకు ఒకరోజు బడి పోయినా సరే. పేరు పిలిచినప్పుడు చప్పట్లలో మనవారి చప్పట్లు వేరుగా వినబడతాయి.

రెండవది: దివ్యపూజలో కృతజ్ఞత చెల్లించండి. పదిమంది కుష్ఠరోగులు స్వస్థత పొందితే తిరిగి వచ్చినవాడు ఒక్కడే (లూకా 17:11-19). ఆ ఒక్కడి వరుసలో నిలబడండి.

మూడవది: తోడ్పడినవారిని మరువకండి. నర్సుకు పత్రం వస్తే ఆయాకూ అందులో పాలుంది. రాత్రి డ్యూటీలప్పుడు పిల్లలను చూచుకున్న అత్తగారికీ ఉంది. ఆ శాలువాను ఒక్క నిమిషం ఆమె భుజాన కప్పి చూడండి!

నాలుగవది: అప్పు చేసి విందు చేయకండి, మద్యంతో అసలే చేయకండి. ఇంట్లో పాయసం కాచుకుని, ఒక గిన్నెడు పొరుగింటికి పంపితే చాలు. అదే ఆఫీసులో ఆశపడి పొందలేకపోయిన సహోద్యోగి ఉంటే, ఆమె ఎదుట ఆర్భాటం వద్దు. ఒకసారి వెళ్ళి పలకరించండి.

అయిదవది: ఆ పత్రానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించండి. పటాల వరుసలో కొంచెం కిందగా ఉంటే, పైన ప్రభువు ఉన్నాడని చూచినవారికి తెలుస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో తిరుహృదయ పటం కింద ఆ కాగితం వేలాడుతున్నది. అంచులు పసుపెక్కాయి. ఆలస్యంగానైనా దానికి చోటు దొరికింది. మీరు మాత్రం ఆలస్యం చేయకండి.

కుటుంబంలో చర్చించండి

1. మన ఇంట్లో ఎవరి పనిని మనం ఇంతవరకు మెచ్చుకోలేదు?

2. మరొకరి సంతోషాన్ని "వినయం" పేరుతో నేను ఎప్పుడైనా చిన్నబుచ్చానా?

3. ఏ బహుమతీ దక్కని వారికి ఈ వారం ఏ విధంగా కృతజ్ఞత తెలుపుదాం?

ప్రార్థన: నజరేతులో వడ్రంగి పని నేర్చుకున్న ప్రభువా! మా ఇంట్లో శ్రమించే చేతులను ఆశీర్వదించు. వారికి కలిగిన గౌరవంలో అసూయ లేకుండా ఆనందించే హృదయాన్ని, గౌరవం దక్కనివారిని గుర్తించే కళ్ళను మాకు దయచేయి. ఆమెన్.