బంతి విసరువాని శ్రమ – మహమ్మద్ సిరాజ్

అమెరికా దేశీయుల బేస్‌బాల్ ఆటలో బంతి విసరువానిని పిచ్చర్ అందురు. మన బౌలర్‌కు అతడు దాయాది వంటివాడు. అయితే అతని బంతి నేలను తాకదు. మోచేయి వంచి విసరుటకు అతనికి నిషేధము లేదు. ఆట ప్రారంభించు పిచ్చర్ సుమారు నూరు బంతులు విసరి, నాలుగైదు దినములు విశ్రమించును. మన ఫాస్ట్ బౌలర్‌కు అట్టి భాగ్యము లేదు. ఇందుకు హైదరాబాదు వాసి మహమ్మద్ సిరాజ్ చరిత్రయే నిదర్శనము.

1994లో జన్మించిన సిరాజ్ ఒక ఆటో డ్రైవరు కుమారుడు. మన మైదానములో సాయంకాలము కనిపించు టెన్నిస్ బంతియే అతని తొలి గురువు. 2016-17 రంజీ పోటీలలో 41 వికెట్లు తీయగా, 2017 ఐ.పి.ఎల్. వేలములో హైదరాబాదు జట్టు 2.60 కోట్ల రూపాయలకు అతనిని తీసుకొన్నది.

2020 నవంబరులో జట్టు ఆస్ట్రేలియాలో క్వారంటైనులో ఉండగా తండ్రి మహమ్మద్ గౌస్ మరణించెను. ఇంటికి పంపెదమని బోర్డు చెప్పినను సిరాజ్ అక్కడనే నిలిచెను. డిసెంబరు 26న మెల్‌బోర్నులో తొలి టెస్టు ఆడి, ఆ సిరీస్‌లో 13 వికెట్లు తీసెను. బ్రిస్బేనులో ఆస్ట్రేలియా రెండవ ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు అతనివే. జనవరిలో తిరిగివచ్చి విమానాశ్రయము నుండి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్ళెను.

అతని ఆయుధము 'వాబుల్ సీమ్'. బంతి కుట్టు నిటారుగా నిలువక, గాలిలో అటునిటు ఊగుచు పోవును. నేలను తాకిన పిమ్మట ఎటు తిరుగునో బ్యాట్స్‌మన్ ముందుగా గ్రహింపలేడు. ఒక్కొక్కప్పుడు వేసినవానికిని తెలియదు! 2023 ఆసియా కప్ ఫైనలులో శ్రీలంక 50 పరుగులకే కూలినప్పుడు, 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీసినది అతడే.

అయినను నా దృష్టిలో అతని ఘనత 2025 ఇంగ్లండు పర్యటనలోనిది. అయిదు టెస్టులును ఆడి 23 వికెట్లు తీసెను. ఓవల్ టెస్టు నాలుగవ దినమున బ్రూక్ 19 పరుగుల వద్ద ఇచ్చిన క్యాచ్ పట్టియు, సిరాజ్ బౌండరీ తాడుపై కాలుమోపెను. బ్రూక్ 111 పరుగులు చేసెను. మరునాడు ఆగస్టు 4న ఇంగ్లండుకు 35 పరుగులు, మనకు 4 వికెట్లు కావలెను. అందులో మూడు సిరాజ్ తీసెను. చివరి యార్కరు అట్కిన్సన్ వికెట్టును పడగొట్టగా, భారత్ 6 పరుగులతో గెలిచినది. ఆ సిరీస్‌లో సిరాజ్ వేసిన 1,113వ బంతి అది.