షుగర్ చెకింగ్‌కి ఏది కొనాలి: స్మార్ట్‌వాచా, గ్లూకోమీటరా, సీజీఎమ్మా?

ఫ్రెండ్స్, ఈసారి ఫోన్ రివ్యూ కాదు. మా నాన్న ఇన్సులిన్ వేసుకుంటారు. రోజూ వేలికి గుచ్చుకోవడం విసుగని, గుచ్చకుండానే షుగర్ చెప్తుందన్న ఒక స్మార్ట్‌వాచ్ ఆన్‌లైన్‌లో కొనిచ్చాను. బీటెక్ చదివి కూడా! ఒక రాత్రి ఆయనకి చెమటలు పట్టి, చేతులు వణికాయి. వాచ్‌లో 118. అమ్మకి అనుమానం వచ్చి పాత గ్లూకోమీటర్ తీసి చూస్తే 58. 70 కంటే తగ్గితే లో షుగర్ కింద లెక్క. వెంటనే గ్లూకోజ్ పొడి కలిపి తాగించాం, పావుగంటకి 84కి వచ్చింది. మర్నాడు ఆ వాచ్‌ని నీళ్ల సీసాకి కట్టి చూశా. సీసాకి 112 అంట.

చర్మానికి గుచ్చకుండా సొంతంగా షుగర్ కొలిచే ఏ వాచ్‌కీ, రింగ్‌కీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. నేను చదవలేదు, అంతే. సెన్సార్ పంపిన రీడింగ్‌ని వాచ్ స్క్రీన్‌లో చూపించడం మాత్రం వేరే సంగతి.

గ్లూకోమీటర్‌లో పనంతా స్ట్రిప్‌దే. దాని మీది ఎంజైమ్ రక్తంలోని గ్లూకోజ్‌తో కలిసినప్పుడు పుట్టే చిన్న కరెంట్‌ని మీటర్ కొలుస్తుంది. ఐఎస్‌ఓ 15197 ప్రకారం 95 శాతం రీడింగులు, షుగర్ 100 లోపుంటే 15 పాయింట్లు, ఆ పైనైతే 15 శాతం తేడాలో ఉంటే చాలు. కాబట్టి వెంటవెంటనే 140, 150 వస్తే కంగారు పడకండి. మామిడిపండు తిన్న చేత్తో చెక్ చేస్తే మాత్రం ఎక్కువ చూపిస్తుంది, చేతులు కడుక్కోవాలి. కొనేటప్పుడు మీటర్ రేటు కాదు, స్ట్రిప్స్ రేటు చూడండి. ప్రింటర్, ఇంకు కథే ఇది.

సీజీఎం అంటే జబ్బకి అంటించే సెన్సార్. సన్నటి తీగ చర్మం కింద ఉండి రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని కొలుస్తుంది. అందుకే షుగర్ వేగంగా మారేటప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఆ చేతి మీద ఒరిగి పడుకున్నా తప్పుగా లో చూపించొచ్చు. కానీ షుగర్ పెరుగుతోందా, పడుతోందా అని బాణం గుర్తు చూపిస్తుంది చూడండి, అదే దీని అసలు బలం. కొన్ని మోడల్స్ స్కాన్ చేస్తేనే చెప్తాయి, రాత్రి అలారం ఉండదు. వాటిని ఫోన్‌తో స్కాన్ చేయాలంటే ఎన్‌ఎఫ్‌సీ కావాలి, మన బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి అది లేదు.

నా లెక్కలో ఇన్సులిన్ వాడేవాళ్లకి అలారం ఉన్న సీజీఎం, మాత్రలతో కంట్రోల్‌లో ఉన్నవాళ్లకి గ్లూకోమీటర్. మా డాక్టర్ రాత్రి డోస్ తగ్గించి రెండు వారాలు సెన్సార్ పెట్టించారు. ప్రతిసారీ కొనడం మాకు భారమే, అందుకని డోస్ మారినప్పుడే పెడుతున్నాం. మిగతా రోజుల్లో పడుకునే ముందు ఒకసారి వేలికి గుచ్చి చూస్తున్నాం. సెన్సార్ ఉన్నప్పుడు కూడా ఒంట్లో తేడాగా అనిపిస్తే గ్లూకోమీటర్‌తోనే సరిచూసుకుంటున్నాం.