సందేహాలు – సమాధానాలు: మళ్లీ మళ్లీ వచ్చే ఈస్ట్, మూలికా వైద్యం

నాకు 29 ఏళ్లు. వేవ్‌రాక్ దగ్గర హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను, పెళ్లి కాలేదు. ఏడాదిలో నాలుగుసార్లు విరిగిన పాలలా తెల్లబట్ట, విపరీతమైన దురద వచ్చాయి. ఈస్ట్ ఒళ్లంతా పాకిందని, మూలికలతో కడిగేయాలని చదివి రెండు నెలలుగా అన్నం, ఇడ్లీ, పండ్లు మానేశాను. నీరసంగా ఉంది. ఇది రక్తంలోకి వెళ్తుందా?
– ఒక సోదరి, నానక్‌రామ్‌గూడ

ముందు ఆ భయం వదిలేయండమ్మా. కాండిడా అనే ఈ ఈస్ట్ ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో, యోనిలో కొద్దిగా ఉండనే ఉంటుంది. అది శ్రుతిమించినప్పుడే దురద పెడుతుంది. నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది, పెళ్లితో దీనికి సంబంధం లేదు. రక్తంలోకి చేరే ముప్పు ఐసీయూలో ఉన్నవాళ్లకు, కీమోథెరపీలాంటి చికిత్సతో రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకు. రోజూ ఆఫీసుకు వెళ్లివస్తున్న మీకు కాదు.

‘ఒళ్లంతా ఈస్ట్’ అనే మాటకు 1983లో అమెరికా వైద్యుడు విలియం క్రూక్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారం వచ్చింది. 1990లో అలబామా వైద్యులు ఇలా బాధపడుతున్న స్త్రీలకు ఈస్ట్‌ను చంపే నిస్టాటిన్ ఇచ్చి చూశారు. యోని బాధలు తగ్గాయి గానీ, మిగతా బాధల విషయంలో మందులేని ఉత్తుత్తి మాత్రకూ దానికీ తేడా కనిపించలేదు. మీ నీరసానికి తిండి తగ్గడమే కారణమై ఉండవచ్చు. ఇడ్లీపిండిని పులియబెట్టేది ముఖ్యంగా బ్యాక్టీరియా. దానికీ మీ దురదకూ లంకె లేదు, ఈరోజు నుంచే మామూలుగా తినండి.

అయితే ఏడాదిలో మూడుసార్లు దాటితే కారణం వెతకాల్సిందే. గైనకాలజిస్టును కలిసి స్వాబ్ పరీక్ష, షుగరు కోసం హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. ఈమధ్య వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు చెప్పండి, అవి కూడా ఈస్ట్‌ను రెచ్చగొడతాయి. ఈస్టే అని తేలితే ముందు పూర్తిగా తగ్గించి, ఆ తర్వాత వారానికొక ఫ్లూకోనజోల్ మాత్ర ఆరు నెలలు ఇవ్వడం అలవాటైన పద్ధతే. దీన్ని సొంతంగా మొదలుపెట్టకండి. గర్భవతులకు ఇది పనికిరాదు, కొన్ని రకాల ఈస్ట్ దీనికి లొంగవు. ఖర్చు, మొహమాటం అడ్డమనుకుంటే కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. దుర్వాసన, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే అది వేరే జబ్బు, ఆలస్యం వద్దు.

వెల్లుల్లి రెబ్బ లోపల పెట్టుకుంటే ఈస్ట్ చస్తుందని స్నేహితురాలు చెప్పింది. వేపాకు నీళ్లతో కడుక్కుంటున్నాను. తప్పు చేశానా?
– ఒక గృహిణి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్

తప్పేమీ చేయలేదు, పైపైన కడుక్కున్నందుకు కంగారు పడకండి. లోపలికి మాత్రం పోయకండి, అక్కడి మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. వెల్లుల్లి గాజునాళికలో ఈస్ట్‌ను చంపుతుంది. కానీ 2014లో వెలువడిన మెల్‌బోర్న్ పరిశోధనలో వెల్లుల్లి మాత్రలు మింగిన స్త్రీలకు చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. పచ్చి రెబ్బయితే సున్నితమైన ఆ చర్మాన్ని కాల్చేస్తుంది, టీ ట్రీ ఆయిల్‌తోనూ అదే ప్రమాదం. ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చదువుకున్న వైద్యులు ఉన్నారు. పేరూ ఊరూ లేని పొట్లాల జోలికి వెళ్లకండి, అలాంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు, సీసం బయటపడ్డాయి. మంట, పుండు, వాపు వస్తే వెంటనే చూపించుకోండి.

మావారికి 46 ఏళ్లు, షుగరు ఉంది. కొత్త మాత్ర మొదలుపెట్టాక అంగం మీద ఎర్రగా, దురదగా ఉంది. డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడి వేపరసం తాగుతున్నారు.
– మరో సోదరి, నానక్‌రామ్‌గూడ

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఆయనకు నా మాటగా చెప్పండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి, ఆ చక్కెర మీద ఈస్ట్ పెరుగుతుంది. మాత్ర తనంతట తాను ఆపకుండా, చీటీ పట్టుకెళ్లి రాసిన డాక్టరుకే చూపించమనండి. సాధారణంగా క్లోట్రిమజోల్ పూతతో, పొడిగా ఉంచుకోవడంతో తగ్గిపోతుంది. వేపరసం షుగరు మాత్రలతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చు, ఆపించండి. ముందుచర్మం వెనక్కి రాకపోయినా, వృషణాల కింద తీవ్రమైన నొప్పి, జ్వరం వచ్చినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

మా పాపకు రెండు నెలలు. నాలుకంతా తెల్లగా ఉంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ వెలిగారం తేనెలో కలిపి రాయమంటోంది.
– ఒక తల్లి, నానక్‌రామ్‌గూడ

మెత్తని తడిబట్టతో సుతారంగా తుడిచి చూడండి, పోతే అవి పాలచారలే. బుగ్గల లోపల కూడా అతుక్కుని పోకపోతే ఈస్ట్ పూత, వైద్యులు ఓరల్ థ్రష్ అంటారు. పసిపిల్లల్లో మామూలే, పిల్లల డాక్టరుకు చూపిస్తే రాసే చుక్కల మందుతో తగ్గుతుంది. పెద్దావిడ ప్రేమతోనే చెబుతున్నారు, అయినా రాయనివ్వకండి: వెలిగారం ఒంట్లోకి ఎక్కి ఫిట్స్ వచ్చిన పసివాళ్లున్నారు, ఏడాది లోపు తేనె బొట్యులిజం అనే ప్రాణాపాయం తేవచ్చు. వేపనూనె కూడా తాగించకూడదు. మీ చనుమొనల్లో మంట ఉంటే ఆ సంగతీ చెప్పండి, తల్లీబిడ్డలిద్దరికీ ఒకేసారి మందు వాడాలి. పాలు ఆపనక్కర్లేదు. పాప పాలు తాగడం మానేసినా, జ్వరం వచ్చినా, వారం మందు వాడినా పూత పోకపోయినా పిల్లల డాక్టరుకు మళ్లీ చూపించండి.