సమత తీర్పు చదవాలంటే ఏ పుస్తకాలు కావాలి?

న్యాయ విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా కొత్తగా చేరినవారి ముందుకు తొందరగానే వచ్చే ఇండెంట్ ఒకటుంది: లా అండ్ ఎకనామిక్స్, లా అండ్ సొసైటీ పుస్తకాలు తెప్పించమని. వెండర్ పంపిన జాబితాలో ఆ మాటలు కనిపించిన చోటల్లా టిక్కు పెట్టి లైబ్రరీ కమిటీకి పంపడం తేలిక. అలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం న్యాయశాస్త్రం చదివినవాళ్లు ఇతర శాస్త్రాల గురించి రాసిన పుస్తకాలే ఉంటాయి. ఆ శాస్త్రాల సొంత పుస్తకాలు మన అరల్లోకి రావు. అయిదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ పిల్లలకు అసలు లోటు అక్కడే.

అందుకే జాబితా పక్కన పెట్టి, ఒక తీర్పుతో మొదలుపెట్టండి. సమత వర్సెస్ ఆంధ్రప్రదేశ్, 1997. విశాఖ ఏజెన్సీలో బొర్రా ప్రాంతపు గిరిజన భూములను గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు. తీర్పు పాఠం ఏఐఆర్‌లో, ఎస్‌సీసీలో ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని కట్టుదిట్టం చేసిన 1970 సవరణ, అదే మనవాళ్లు వన్ ఆఫ్ సెవెంటీ అనేది, రెండూ దొరుకుతాయి. మామూలు లా లైబ్రరీ ఇక్కడితో ఆగిపోతుంది.

విద్యార్థి ప్రశ్న ఆగదు. ఆ నిబంధన ఎందుకు అవసరమైంది? భూములు చేతులెలా మారాయి? ఆదిలాబాద్ వైపు సంగతికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1948లో రాజ్ గోండుల మీద రాసిన పుస్తకం కావాలి. అది నిజాం రాజ్యం కథ. బొర్రా మద్రాసు ప్రెసిడెన్సీ కింది ఏజెన్సీ. అక్కడి చట్టం వరస వేరు: 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం, ఆ తర్వాత 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం. ఆ ప్రాంతం సంగతికి ఫ్రాన్సిస్ 1907లో వేసిన విశాఖ జిల్లా గెజిటీర్ కావాలి. ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. పైగా జనగణన పట్టికలు, జియలాజికల్ సర్వే ప్రచురణలు, కోనేరు రంగారావు భూకమిటీ నివేదిక. ఇలా తీర్పు పక్కన ఒక కాగితం పెట్టుకుని, లేనివి రాసుకుంటూ పోతే అదే మీ కొనుగోలు జాబితా. భూమికి ఒకటి, కార్మికులకు ఒకటి, కుటుంబానికి ఒకటి, పర్యావరణానికి ఒకటి చొప్పున తీర్పులు ఎంచుకోండి. ఆ పాఠం చెప్పే అధ్యాపకులను పక్కన కూర్చోబెట్టుకోండి.

కమిటీ నివేదికలు, స్వచ్ఛంద సంస్థల సర్వేలు వెండర్ల దగ్గర దొరకవు. ఉత్తరాలు రాయాలి, ఆఫీసులకు వెళ్లి అడగాలి. ఈ పని కొనుగోలు లెక్కల్లో కనబడదు గానీ, మీ లైబ్రరీకి ప్రత్యేకత తెచ్చేది ఇదే.

డబ్బు సంగతి. డేటాబేసుల చందాలే బడ్జెట్‌లో పెద్ద ముక్క తినేస్తాయి. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, సుమారు 13,000, అందుతున్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అందులో ఉన్నాయి. సామాజిక శాస్త్రాలకు ఇది పెద్ద ఊరట. మీ సంస్థ దాని పరిధిలో ఉంటే, పాత చందాలు రెన్యూ చేసేముందు ఆ జాబితాతో ఒక్కొక్కటీ సరిచూడండి. సుప్రీంకోర్టు తన రిపోర్టులను 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగానే ఇస్తోంది. మిగిలిన డబ్బు ఆంత్రోపాలజీకి, ఆర్థిక చరిత్రకు మళ్లించండి.

కొన్నాక వాటిని కనబడేలా చేయాలి. డ్యూయీ వర్గీకరణలో క్రిమినల్ లా 345, క్రిమినాలజీ 364, ఫోరెన్సిక్ మెడిసిన్ 614.1. ఒకే హత్య కేసు చదివే విద్యార్థి మూడు వరసలు తిరగాలి. నంబర్లు మార్చొద్దు. కేటలాగ్ రికార్డులో అదనపు విషయ శీర్షికలు చేర్చండి, సంబంధిత తీర్పు పేరు కూడా నోట్‌లో రాయండి. కోహా లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో సమత అని కొడితే గెజిటీర్ రావాలి. నన్నడిగితే కొత్త పుస్తకాలు వంద కొనడం కన్నా ఇది ఎక్కువ మేలు.

తెలుగు మరవద్దు. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ చదవలేని విద్యార్థి భూమి కేసు మీద పరిశోధన చేయలేడు. విల్సన్ 1855 నాటి రెవెన్యూ పదకోశం, బ్రౌన్ జిల్లా నిఘంటువు రిఫరెన్స్ బల్ల మీదే ఉండాలి.

ఇక ఏరివేత. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చిందని ఐపీసీ వ్యాఖ్యానాలను పాత పుస్తకాల వేలంలో పెట్టేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది. ఒక్కో ఎడిషన్‌కు ఒక ప్రతి ఉంచి, అదనపు ప్రతులు మాత్రమే తీసేయండి. ఏవి ఎందుకు తీశారో అక్సెషన్ రిజిస్టర్‌లో రాయండి.